పచ్చి ఇటుకలు

ఇంకా ఇద్దరున్నారు, ఆ తర్వాత తన వంతు. మోకాళ్ల కింద కంకర గుచ్చుకుంటోంది, గుచ్చుకోనీ, కళ్లు గట్టిగా మూసుకో ఎనిఫా, అందరికంటే గట్టిగా నువ్వే మూసుకోవాలి, ఎందుకంటే ఈ గుట్ట మీద మూసుకున్న కళ్లన్నీ రెప్పల సందుల్లోంచి నిన్నే చూస్తున్నాయి. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఊరు ఊరంతా చర్చి వెనక గుట్టెక్కి వాన కోసం మోకరించింది. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. సంఘపెద్ద ప్రార్థన అయిపోయింది. ఊరిపెద్ద కూడా టోపీ తీసి రెండు ముక్కలు గొణిగాడు, ఆయన చర్చి మొహం ఎప్పుడు చూశాడో ఆయనకే గుర్తులేదు. ఇప్పుడు స్త్రీల సమాజం వంతు. తెల్ల జాకెట్లు, నల్ల లంగాలు, తలకి తెల్ల గుడ్డలు, ఒక్కొక్కరే గొంతు సవరించుకుని అందుకుంటున్నారు. "అందరికంటే ఆఖర్న మన ఎనిఫా చేస్తుంది," అంది పొద్దున సమాజం అధ్యక్షురాలు నాసోలో, నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు. "ఎంత బాగా చేస్తుందని! ఎనిఫా నోరు తెరిచి అడిగితే దేవుడు కాదనగలడా?" చుట్టూ ఉన్న ఆడాళ్లు తలలూపారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

కళ్లు మూసుకున్నా బట్టీ కనబడుతూనే ఉంది. గుట్ట దిగువన, ఎండి పుల్లలైన మొక్కజొన్న చేలు దాటాక, వాగు గట్టున, తన ఇటుకల బట్టీ. ఎండాకాలమంతా కోసింది ఆ ఇటుకలు. వాగులో గుంట తీసి, మట్టి తొక్కి, చెక్క అచ్చులో కొట్టి, ఎండకి తిరగేసి మరగేసి ఆరబెట్టి. పెద్దకూతురు తమండా నెత్తిన పెట్టుకుని మోసిచ్చింది, తను పేర్చింది, అడుగున పొయ్యి కన్నాలు వదిలి, పైకి మనిషెత్తు దాటేలా, చుట్టూ మట్టి మెత్తి. ఈ కొండల్లో చెట్టన్నది మిగల్లేదు గానీ, తమ్ముడు లైసన్ తన ముసలి మామిడిచెట్టు కొట్టించి కట్టెలిచ్చాడు. కట్టెలు కన్నాల్లో సర్దింది. ఇక అగ్గిపుల్ల గీయడమే. సరిగ్గా అప్పుడొచ్చింది ఊరిపెద్ద కబురు, వాన పడేదాకా ఊళ్లో ఎవరూ బట్టీ ముట్టించకూడదట, పొగకి మబ్బులు బెదిరి పారిపోతున్నాయట. మబ్బులు మేకలు కదా పాపం, బెదురుతాయి. సరేనని ముట్టించడం మానేస్తే ఇంకో గొడవ మొదలైంది. పచ్చి ఇటుకలున్నావిడ వాన పడాలని కోరుకుంటుందా? కోరుకోదు. మరి ఇన్నాళ్లూ వాన పడకుండా ఆపుతున్నదెవరు? ఏ మందు పెట్టి కట్టేసింది? నీళ్ల బోరు దగ్గర ఎవరూ ఎదురుగా అడగలేదు, చర్చి మెట్ల మీద అడగలేదు, తను వచ్చేసరికి మాత్రం అందరూ ఒక్కసారి మాట ఆపేసేవాళ్లు. కాల్చుకుంటే పొగపెట్టి తరిమిందంటారు, కాల్చుకోకపోతే మందుపెట్టి కట్టిందంటారు. ఇదేం న్యాయం తండ్రీ, నువ్వయినా చెప్పు, అని అడిగింది ఒకరోజు మట్టికాళ్లతోనే గట్టు మీద కూర్చుని. ఆయనెప్పుడూ ఇలాంటి వాటిల్లో వేలు పెట్టడు.

ఇవాళ పొద్దున ఇంకా బావుంది. గుట్టెక్కే ముందు నాసోలో నలుగురు ఆడాళ్లని వెంటేసుకుని బట్టీ దగ్గరికొచ్చింది. బట్టీ మీద మోపులు మోపులుగా గడ్డి కప్పి ఉంది కదా, దాన్ని చూసి బుగ్గ నొక్కుకుంది. "ఇదేంటి చెల్లీ, గొడుగేసుకుని వాన కావాలని అడుగుతారా ఎవరైనా? నిజంగా విశ్వాసం ఉంటే ఆ గడ్డి తీసెయ్. నువ్వు తీసేస్తే ఇక ఎవరూ నోరెత్తరు, నేను చూసుకుంటాను." ఎనిఫా నోటి దాకా వచ్చింది, నీ ఇంటి రేకులు కూడా తీసెయ్ మరి అక్కా, నీకూ విశ్వాసమే కదా అని. మింగేసింది. తమండా చూస్తుండగా బట్టీ ఎక్కి తన చేతుల్తోనే తీసింది గడ్డి, మోపు తర్వాత మోపు, కిందికి విసిరేస్తూ. దిగి వచ్చేసరికి నాసోలో ఆమె భుజం మీద గడ్డిపరకలు దులిపింది, సొంత అక్కలాగా. ఆ చేతిని కొరికేద్దామనిపించింది. సమాజం బట్టలేసుకుని ప్రార్థనకి బయల్దేరే ఆడమనిషికి అనిపించాల్సిన మాటేనా అది.

"మాటల ముస్తాబు దేవుడికి అక్కర్లేదు," అన్నారు పాస్టరయ్యగారు ఇందాక మొదలుపెడుతూ. కుర్రాయన, పట్నం నుంచి కొత్తగా వచ్చాడు, మంచివాడే. "పెదవుల మీద ఒకటీ గుండెలో ఒకటీ వద్దు. గుండెలో ఏముందో అదే చెప్పండి తండ్రికి. పసిపిల్ల తల్లిని అడిగినట్టు అడగండి." అయ్యగారూ, మీకు తెలీదు. గుండెలో ఉన్నది చెప్తే ఈ గుట్ట మీంచి నేను కాళ్ల మీద దిగను. అవతలి ఊళ్లో ముసలాయన, సగం కట్టిన ఇంటికి రేకులు దొరక్క ఆగి, గోడలు తడవకుండా వాన కట్టేశాడని పేరు పడినాయన, ఆయన్నీ ఇలాగే అడిగారు ముందు, బతిమాలినట్టే అడిగారు, తాతా నీ చేతిలో ఉన్నదేదో వదిలెయ్ తాతా అని. ఆయన నవ్వాడట. వాన కట్టడం వస్తే ముందు నా దగ్గు కట్టుకునేవాణ్ణి కదరా అన్నాడట. ఆ నవ్వే కొంప ముంచింది. పక్కటెముకలు విరగ్గొట్టారు, ఆస్పత్రికి మోసుకెళ్లేసరికే పోయాడు. ఆయన పోయాక కూడా వాన పడలేదు. పడలేదు కాబట్టి కట్టింది ఇంకెవరో అనుకున్నారు గానీ, ఛీ మనమెంత పని చేశాం అని ఒక్కడూ అనుకోలేదు.

అందుకే నిన్న లైసన్ వచ్చాడు. ఈ పక్క ఊళ్లలో ఆడదానికి మొగుడు వచ్చిపోయేవాడే, అన్నో తమ్ముడో పెద్దదిక్కు. గుమ్మంలో గొంతుక్కూర్చుని నేల మీద పుల్లతో గీతలు గీశాడు. తర్వాత, "గట్టిగా ఏడువక్కా," అన్నాడు. "రేపు ప్రార్థనలో. చూసేవాళ్లకి అనుమానం రాకూడదు."

"నువ్వు కూడా నమ్ముతున్నావురా?"

"నేను నమ్మితే ఏంటి, నమ్మకపోతే ఏంటి. రేపు నలుగురూ నీ మీదికొస్తే అడ్డం పడేది నేనొక్కణ్ణే కదా. నాకూ పిల్లలున్నారు." తలెత్తి చూడకుండానే లేచి వెళ్లిపోయాడు. నమ్మను అని ఒక్క మాట అని ఉంటే ఏం పోయేది వాడికి.

పక్కన ఎవరో ముగించారు, ఆమేన్, ఆమేన్ అని గుట్టంతా మూలిగింది. ఇప్పుడు నాసోలో అందుకుంది. దాని తర్వాత నువ్వే. నాసోలో ప్రార్థన చేస్తుంటే దేవుడితో మాట్లాడుతున్నట్టుండదు, దేవుణ్ణి పంచాయితీకి పిలిచి కూర్చోబెట్టినట్టుంటుంది. "ప్రభువా, మా మధ్యలోనే కూర్చుని నీ చేతులు కట్టేసినవాళ్లెవరో నీకు తెలుసు ప్రభువా. మేం పేరు చెప్పం తండ్రీ. మేమెవరం చెప్పడానికి. నీకు తెలుసు. తెల్ల బట్టలేసుకున్నా లోపలేముందో నీకు తెలుసు ప్రభువా." ఆమేన్, అని ఎనిఫా కూడా అంది, అందరికంటే గట్టిగా. అనకపోతే ఎలా. పక్కనున్న తమండా ఉలిక్కిపడి తల్లి మొహంలోకి చూసింది. ఆకలికి పిల్ల పెదాలు తెల్లబడిపోయాయి. ఉపవాసం ఇవాళ ఊరందరికీ, దీనికి మాత్రం నెల్లాళ్ల నుంచీ అదే పని, పూటకి రెండు పచ్చిమామిడికాయలు ఉడకేసి ఉప్పద్దుకుని తినడమే, సంకటి ముద్ద వాసన మర్చిపోయింది. వాన నాకు మాత్రం అక్కర్లేదా? నా చేను మాత్రం ఎండలేదా? నా కడుపు మాత్రం రాయా? ఎవరడిగారు నన్ను, ఒక్కరంటే ఒక్కరు, నీకేం కావాలి ఎనిఫా అని. అడిగితే చెప్పేదాన్ని, వాన కావాలి, కావాలి, కానీ బట్టీ కాలేదాకా ఆగితే చాలు, మూడు పగళ్లు ఆ కట్టెలు మండితే ఇటుక ఎర్రబడుతుంది, ఎర్రబడ్డ ఇటుకని ఏ వానా ఏమీ చెయ్యలేదు. అంతే. ఇంత చిన్న కోరిక. ఇంత చిన్న కోరిక కూడా నోరు తెరిచి చెప్పుకోడానికి లేని చోటికి నన్ను మోకాళ్ల మీద తీసుకొచ్చి, గుండెలోది చెప్పమంటారు.

గుండెలోది చెప్పలేదనా? చెప్పింది కదా. పోయినేడు చెప్పింది. అప్పుడు వాన మూడ్రోజులు తెరిపివ్వలేదు, గాలీ వానా కలిసి కొండల్ని కడిగేశాయి. మొగుడు డిక్సన్ కట్టిన మట్టిగోడ ఇల్లు. ఇక్కడ పెళ్లాం ఊళ్లో ఇల్లు కట్టివ్వడం మొగుడి పని, కట్టాడు పాపం, హడావిడిగా, పునాది లేకుండా, మళ్లీ ఏడు గట్టిగా కడతాలేవే అంటూ. ఆ మధ్యాహ్నం చిన్నకూతురు మడాలోకి జ్వరం, వెనకగోడ పక్కన చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. తను గుమ్మంలో వంగి గిన్నెతో నీళ్లు తోడి పోస్తోంది. తోడుతూ ప్రార్థన చేసింది. అప్పుడు ముస్తాబులేమీ లేవు, మహోన్నతుడా లేదు, పరిశుద్ధుడా లేదు, మా అమ్మ దగ్గర నేర్చుకున్న ఒక్క పెద్దమాటా గుర్తు రాలేదు. ఆపు తండ్రీ. ఇక ఆపు. ఆపు, ఆపు. పసిపిల్ల తల్లిని అడిగినట్టే అడిగింది అయ్యగారూ, మీరు చెప్పినట్టే, గుండెలో అది తప్ప ఇంకేమీ లేదప్పుడు. వెనక ధబ్బుమని చప్పుడు, పెద్ద చప్పుడు కూడా కాదు, తడిసిన మట్టి కదా, మెత్తగా పడింది. వెనక్కి తిరిగితే గోడ ఉండాల్సిన చోట ఆకాశం కనబడింది, చాప కనబడలేదు.

చేతుల్తో తవ్వారు. మడాలో కుడిచేతిలో ఉడికించిన మొక్కజొన్న పొత్తు ఉంది, సగం తిన్నది. సమాధి దగ్గర పాత పాస్టరుగారు, నువ్వే ప్రార్థన చెయ్యమ్మా, నీకంటే బాగా ఎవరు చేస్తారు అన్నాడు. చేసింది. అమ్మ నేర్పిన పెద్దమాటలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి, బారులు కట్టి వచ్చాయి నాలిక మీదికి, స్తోత్రాలూ కృతజ్ఞతలూ. ఊరంతా మెచ్చుకుంది, ఎంత గుండె నిబ్బరం, ఎంత విశ్వాసం అని. డిక్సన్ మాత్రం మెచ్చుకోలేదు. సంతాప దినాలు అయ్యాక దుప్పటి చంకన పెట్టుకుని వాళ్లమ్మ ఊరెళ్లిపోయాడు, గోడ ఊసెత్తకుండా. ఆమె కూడా ఎత్తలేదు. ఎత్తి ఏం లాభం, తమండా ఉంది ఇంకా, దాన్ని పడుకోబెట్టాలి ఏదో ఒక గోడ పక్కన. కాల్చిన ఇటుక గోడ పక్కన. ఆ రోజు నుంచీ లోపల ఉన్నది ఆ ఒక్క ప్రార్థనే, మట్టి తొక్కినప్పుడల్లా, అచ్చు కొట్టినప్పుడల్లా, నోటితో అనక్కర్లేకుండా నడుస్తున్నది. దాన్ని పట్టుకుని మందు అంటున్నారు వీళ్లు. కట్టిందంటున్నారు. ఏమో, నిజంగానే నేనే కట్టానేమో. ఇంతగా వద్దు వద్దనుకుంటే అది కట్టడం కాక మరేంటి. ఛ, ఏం మాటలివి, మతి పోతోందా నీకు. నీ మాటకి ఆగే వానైతే అప్పుడే ఆగి ఉండేది.

"ఎనిఫా," అని నాసోలో మోచేత్తో పొడిచింది. "చెయ్యి చెల్లీ. కానీ."

ఎక్కడో దూరంగా, కొండల అవతల, బరువైనదేదో దొర్లింది. ఎవరూ కళ్లు తెరవలేదు గానీ అందరి మెడలూ కాస్త పైకి లేచాయి. ఎనిఫా చేతులెత్తింది. గోళ్లలో ఎర్రమట్టి, ఎంత తోమినా పోలేదు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, మహోన్నతుడవైన దేవా, ఈ మధ్యాహ్న వేళ నీ పాదాల చెంతకు వచ్చియున్నాము..." గొంతు బాగానే పలికింది. గొంతుకేం, ఎప్పుడూ బాగానే పలుకుతుంది. "ఎండిన ఈ నేల వైపు చూడుము తండ్రీ." వద్దు, చూడకు, ఇవాళ చూడకు. "నీ ఆకాశపు వాకిళ్లు తెరువుము తండ్రీ." ఆమేన్, అని గుట్ట ఊగింది. తెరవకు. మూడు పగళ్లు, ఆ తర్వాత నీ ఇష్టం. "నీ బిడ్డలు ఆకలిగొనియున్నారు తండ్రీ, పసిబిడ్డలు..." పసిబిడ్డలు అని మళ్లీ అనబోయింది, నాలిక మీదికి మడాలో వచ్చింది, పేరు బయటికి రాకుండా పళ్లు బిగించేసరికి లోపలున్నదంతా ఒక్కసారి ఎగదన్నింది. ఏడుపు. లైసన్ చెప్పిన ఏడుపు కాదది, లైసన్ చెప్పినందుకు దాచుకుని తెచ్చిన దొంగ ఏడుపు ఎక్కడ పోయిందో కూడా తెలీలేదు. కంకర మీదికి వంగిపోయి రెండు చేతులా మట్టి పట్టుకుని ఏడ్చింది. ఏడాది కిందట గుమ్మంలో ఏడవాల్సింది, సమాధి దగ్గర ఏడవాల్సింది. "తండ్రీ, తండ్రీ," అంటోంది, ఇంకో మాట రావడం లేదు. చుట్టూ ఆడాళ్లు ఘొల్లుమన్నారు. మగాళ్లు ముక్కులెగబీలుస్తున్నారు. అయ్యగారు స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. ఆమె ఏం అడుగుతోందో వాళ్లందరికీ తెలుసు. ఆమె అడుగుతున్నది, ఆపు. అదే. ఆపు తండ్రీ. ఈసారైనా ఆపు. "కురిపించు," అంది నోటితో చివరికి. "కురిపించు తండ్రీ. యేసు నామమున, ఆమేన్."

ఆమేన్ అన్నాక ఎంతసేపు అలా ఉందో తెలీదు. మెడ మీద చల్లగా ఏదో తగిలింది. చెమట అనుకుంది. రెండోది చేతి మీద పడింది, పావలా బిళ్లంత, పడి మట్టిని తడిపింది. కొండల అవతల దొర్లినది ఇప్పుడు నెత్తిమీదికొచ్చి విరిగింది. అంతే, గుట్ట గుట్టంతా కేకలు, ఆడాళ్లు నోట నాలిక ఆడించి కిలకిలమని కూతలు, పిల్లలు నోళ్లు తెరిచి గుండ్రంగా తిరుగుతున్నారు, ఊరిపెద్ద టోపీ గాల్లోకి ఎగరేశాడు. అయ్యగారు తడిసిన కోటుతో పరిగెత్తుకొచ్చి ఎనిఫా చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు. "అదీ తల్లీ! హృదయంలోంచి వచ్చిన ప్రార్థనంటే అదీ! వింటాడు, ఎందుకు వినడు!"

నవ్వొచ్చింది ఎనిఫాకి. అవతలి ఊరి ముసలాయన నవ్వు ఎందుకు ఆపుకోలేకపోయాడో తెలిసింది. ఆపుకుంది. గుండెలోది అడిగినప్పుడు గోడ కూల్చావు, పెదాల మీదిది అడిగితే పరిగెత్తుకొచ్చావు. నువ్వూ వీళ్లలాంటివాడివేనా తండ్రీ? నీక్కూడా ముస్తాబే కావాలా? నాసోలో వచ్చి వాటేసుకుంది, తడి జాకెట్టు, తడి చెంపలు. "నేను చెప్పలే? నేను చెప్పలే?" వదిలి పక్కావిడ వైపు తిరిగింది, గొంతు తగ్గించింది గానీ వానహోరులో తగ్గించిన గొంతు కూడా కేకే. "చూశావటే? అడిగీ అడగ్గానే విప్పేసింది."

"కట్టినావిడకే కదమ్మా ముడి ఎక్కడుందో తెలిసేది," అంది పక్కావిడ. ఇద్దరూ ఎనిఫా వైపు చూసి నవ్వారు, ప్రేమగానే, ఇవాళ్టికి.

ఇవాళ్టికి. మళ్లీ ఏడు వాన ఆలస్యమైతే? ఆ ఆలోచన పూర్తి కాకముందే తమండా వచ్చి చెయ్యి పట్టుకుని గుంజింది. జుట్టంతా మొహానికి అంటుకుపోయింది పిల్లకి. "అమ్మా, ఇటుకలు! పద అమ్మా, గడ్డి అక్కడే ఉంది, పరిగెత్తితే కప్పేయొచ్చు. అమ్మా!" గుట్ట దిగువన వానతెర వెనక బట్టీ కనబడుతోంది. పైవరస అప్పటికే నల్లబడింది. చూస్తుండగానే వాగు వైపు మూల మెత్తబడి, కాస్త వంగి, ఆగింది. ఇప్పుడు పరిగెత్తితే సగమైనా మిగుల్తాయి. ఒక అడుగు వేసింది కూడా. అవతల మగాళ్ల గుంపులోంచి లైసన్ ఆమె వైపే చూస్తున్నాడు, తల అడ్డంగా ఊపాడు, వద్దు, వద్దు. నాసోలో చూస్తోంది. పక్కావిడ చూస్తోంది. వాన కోసం ఏడ్చిన ఆడది, వాన పడగానే ఇటుకల మీద గడ్డి కప్పడానికి పరిగెత్తడం ఊరంతా చూడ్డానికి సిద్ధంగా ఉంది.

మూల వంగింది వంగినట్టే జారింది. చప్పుడు ఇక్కడిదాకా రాలేదు. మెత్తగానే పడి ఉంటుంది.

"చప్పట్లు కొట్టు," అంది ఎనిఫా.

"అమ్మా, ఇటుకలమ్మా..."

పిల్ల చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని ఒకదానికొకటి తాటించింది. "కొట్టవే తమండా. అందరూ చూస్తున్నారు. నవ్వుతూ కొట్టు."